చలికాలం రాత్రులు, చేతిలో ఫోను: రైతుకు నిమ్మళం ఇచ్చే ఆటలు ఏవి, జేబు ఖాళీ చేసే ఆటలు ఏవి

ప్రకృతి వ్యవసాయం చెప్పే చోట వీడియో గేములు ఏంది అని కొందరు అనుకోవచ్చు. కానీ ఈ మధ్య మన వీడియోల కింద వచ్చే ప్రశ్నలు చూస్తుంటే ఒక విషయం అర్థమైంది. జీవామృతం గురించి, పసుపు తవ్వకం గురించి అడిగే మెసేజులు చాలా వరకు రాత్రి పదకొండుకు, పన్నెండుకు వస్తున్నాయి. అంటే మనోళ్లు ఆ టైముకు మేలుకొనే ఉంటున్నారు, చేతిలో ఫోను ఉంది. ఆ ఫోనుతో ఏం చేస్తున్నాం అన్నది కూడా వ్యవసాయం ముచ్చటే. ఈ పైన వీడియోలో ఆటలు ఆడి చూపించాను. అందులో చెప్పడానికి టైము సరిపోని సంగతులు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

చలికాలం మనకు సెలవు కాదు, ఎదురుచూపు

మంచు పడే దేశాల్లో చలికాలం అంటే పొలానికి సెలవు. మనకు అట్ల కాదు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు తవ్వకం జనవరిలో మొదలైతే మార్చి దాకా నడుస్తది. తవ్వాలి, మండ, కొమ్ము వేరు చేయాలి, ఉడకబెట్టాలి, కళ్లంలో ఎండబెట్టాలి. జగిత్యాల వైపు యాసంగి నారుమళ్లు, నాట్లు. మక్కచేను ఉన్నోళ్లకు అడవి పందుల కావలి. కాకతీయ కాలువ కింద ఉన్నోళ్లకు వంతు నీళ్ల కోసం కాపలా. సిరిసిల్లలో మరమగ్గాల మీద రాత్రి షిఫ్టు.

ఈ పనులన్నింటిలో ఒకటే పోలిక ఉంది. ఒళ్లు వంచి చేసేది కొంతసేపే, మిగతాది ఎదురుచూసుడు. పసుపు ఉడికే దాకా కూర్చోవాలి. మడి నిండే దాకా కూర్చోవాలి. పంది వస్తదో రాదో తెలియదు, అయినా మంచె మీద కూర్చోవాలి.

2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. అంతకుముందు రాత్రి వంతు కరెంటు ఉన్న రోజుల్లో బాయి కాడ పండుకోవుడు ఎట్లుండేదో మా నాయిన తరం వాళ్లను అడగండి. ఆ ఎదురుచూపులో వాళ్లు నేల మీద బొగ్గుతో గీతలు గీసి పులి-మేక ఆడేవాళ్లు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి మేకను తింటది, మేకలన్నీ కలిసి నిలబడితే పులికి కదిలే దారి ఉండదు. ఇంటి కాడ ఆడోళ్లు నాలుగు గవ్వలతో అష్టాచెమ్మా, చింతగింజలతో ఓమనగుంటలు ఆడేవాళ్లు. ఓమనగుంటలు చూడండి, గుంటకొక గింజ వేసుకుంటూ పోవుడే ఆట. నన్నడిగితే మన మొదటి వ్యవసాయం గేము అదే.

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లందరికీ జపాన్ ఫుకువోకా పేరు తెలుసు. ఆయన ఒక మాట రాసిండు. వాళ్ల ఊళ్లో పాతకాలంలో రైతుకు కొత్త సంవత్సరం సెలవు మూడు నెలలు ఉండేదట. అది రెండు నెలలైంది, ఒక నెల అయింది, చివరికి మూడు రోజులకు వచ్చింది. తీరిక పోయినంక రైతు కవిత రాసుడు కూడా పోయింది అని ఆయన బాధ. పని తగ్గించుకునే వ్యవసాయం ఎందుకు అంటే ఆయన జవాబుల్లో తీరిక కూడా ఒకటి. కాబట్టి దుక్కి తగ్గించి, కలుపు మందు మానేసి, ఆచ్ఛాదన వేసి మనం మిగిల్చుకున్న గంటను ఎక్కడ పెడుతున్నాం అని అడగడం తప్పు కాదు.

నిమ్మళం ఇచ్చే ఆటను ఎట్ల గుర్తుపట్టాలి

నేను ఆటను కూడా విత్తనం చూసినట్టే చూస్తా. ఈ ఐదు పరీక్షలు పెడతా.

1. నెట్ లేకున్నా ఆడాలి. మా బాయి కాడ సిగ్నల్ ఒక గీత ఉంటే పండుగ.

2. ఎప్పుడంటే అప్పుడు ఆపగలగాలి. మోటరు ట్రిప్ అయితే ఆట మధ్యలో వదిలి లేవాలి. లేస్తే ఓడిపోయే ఆట కావలికి పనికిరాదు.

3. గడియారం పెట్టి పిలవొద్దు. "నీ పంట కోతకు వచ్చింది, రా" అని రాత్రి రెండింటికి ఫోను మోగించే ఆట ఆట కాదు, ఇంకో చాకిరీ.

4. పైసలు ఒక్కసారి తీసుకోవాలి, లేదంటే అసలు తీసుకోవద్దు. ఆడుతుంటే మధ్యలో వజ్రాలు కొను, నాణేలు కొను అంటే పక్కన పెట్టేయండి.

5. ఆపినంక తల బరువు ఎక్కొద్దు. అరగంట ఆడి ఫోను పక్కన పెడితే నిద్ర రావాలి.

స్టార్‌డ్యూ వ్యాలీ: రైతుకు కలలో వచ్చే ఊరు

ఈ ఐదు పరీక్షలూ దాటిన ఆటల్లో నాకు నచ్చినది స్టార్‌డ్యూ వ్యాలీ. అమెరికాలో ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి నాలుగున్నరేండ్లు కూర్చుని బొమ్మలు, పాటలు, కథ, ప్రోగ్రామింగ్ అన్నీ తనే చేసిండు. 2016 ఫిబ్రవరిలో కంప్యూటరు మీద వచ్చింది, 2019 మార్చిలో ఆండ్రాయిడ్ ఫోన్లకు వచ్చింది. ఇప్పటికి 4 కోట్లకు పైగా కాపీలు అమ్ముడుపోయినయి. ఒకసారి కొన్ని వందల రూపాయలు పెట్టి కొనుక్కుంటే మళ్లీ పైస అడగదు, ప్రకటన చూపదు.

కథ మనకు కొత్త కాదు. పట్నంలో పెద్ద కంపెనీలో కుర్చీకి అతుక్కుపోయిన పిల్లగాడు తాత రాసిన ఉత్తరం విప్పుతడు. ఊళ్లో తాత భూమి ఉంది, బీడు పడ్డది. నౌకరి ఇడిచి వచ్చి రాళ్లు ఏరి, కంపలు కొట్టి, మడి చేస్తడు. దుబాయి నుంచి, హైదరాబాద్ నుంచి వాపసు వచ్చి మళ్లీ నాగలి పట్టినోళ్లు మన దగ్గర ఎంతమంది లేరు?

ఈ రకం ఆటకు మూలం ఇంకా వెనుక ఉంది. 1996లో జపాన్‌లో యసుహిరో వాడా అనే ఆయన ఒక ఆట తీసిండు. బయట దేశాల్లో దాని పేరు హార్వెస్ట్ మూన్. మియజాకి అనే పల్లె ప్రాంతం నుంచి టోక్యోకు పోయిన మనిషి ఆయన. ఊరు మీద బెంగతో పుట్టిన ఆట అది. స్టార్‌డ్యూ చేసిన బరోన్ చిన్నప్పుడు ఆడింది ఆ ఆటే.

ఆటలో ఒక రోజు అంటే మన గడియారంలో దాదాపు 14 నిమిషాలు. ఒక మడి నిండేలోపు ఒక రోజు వ్యవసాయం అయిపోతది. నాకు బాగా నచ్చిన నియమం ఇంకొకటి ఉంది. ఆటలో రాత్రి రెండు దాటినా పండుకోకుంటే మన మనిషి అక్కడికక్కడే కూలబడిపోతడు, కొంత డబ్బు కూడా పోతది. ఎంత మొనగాడివైనా నిద్ర తప్పదు అని ఆటే చెప్తది.

ఆ ఆట ఎందుకు హాయిగా ఉంటదో రైతుకే బాగా తెలుస్తది

వీడియోలో ఒక దగ్గర పంటను చెక్కపెట్టెలో వేసి చూపించాను, గుర్తుందా? ఆ ఆటలో మార్కెట్ అంటే అదే. సాయంత్రం పెట్టెలో వేస్తే తెల్లారేసరికి పైసలు చేతిలో ఉంటయి. తేమ ఎంత అని అడిగేవాడు లేడు. తరుగు తీసేవాడు లేడు. మన పసుపేమో 63 నంబరు హైవే మీద నిజామాబాద్ యార్డుకు పోయి, కుప్ప పోసి, పాట అయ్యేదాకా ధర తెలియదు. 2025 జనవరి 14న నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది, మంచిదే. అయినా లారీ ఎక్కించేటప్పుడు ఇంత వస్తదని ఖాయంగా చెప్పగలిగే రైతును నేను ఇంకా చూడలేదు.

ఆటలో మొదట వేసే పంట ఒక తెల్ల దుంప. విత్తనం 20, నాలుగు రోజుల్లో పంట, అమ్మితే 35. నువ్వు ఒకటి పండించినా, వెయ్యి పండించినా 35కే పోతది. ఊరంతా అదే వేసినా ధర పడదు. ఒకే నేలలో వందసార్లు అదే వేసినా భూమి అలసిపోదు, పురుగు రాదు.

ప్రకృతి వ్యవసాయం చేసే మనకు ఇది తప్పుడు పాఠం అనిపిస్తది. నిజమే, పాఠంగా తీసుకుంటే తప్పే. నేల అలసిపోతది, ఒకే పంట వేస్తే తెగులు కూర్చుంటది, అందుకే కదా మనం పసుపులో అంతర పంటగా మక్క వేస్తం, గట్ల మీద కంది పెడతం. కానీ నిమ్మళం మాట వేరు. పొద్దంతా చేతిలో లేని వాటితో కొట్లాడిన మనిషికి, చేసిన పనికి చేసినంత ఫలం ఖాయంగా వచ్చే చోటు అరగంట దొరికితే మనసు సల్లబడతది. ఆట ఇచ్చే విశ్రాంతి అంతా ఆ ఖాయంలోనే ఉంది. బయటికి వచ్చినంక అది ఆట అని గుర్తుంటే చాలు.

ఇంకో ముచ్చట. ఆటలో చలికాలం మొదటి రోజు పొద్దున లేస్తే బయట ఉన్న పంటంతా ఎండిపోయి ఉంటది. 28 రోజులు మంచే. అప్పుడు ఆ రైతు చేపలు పడతడు, గనిలోకి పోతడు, ఇంటింటికి తిరిగి మనుషులతో ముచ్చట పెడతడు. ఊళ్లో సంత, పండుగ జరుగుతయి. ఆ నెలలో ఆటకు పంట మనుషులే. మనకు చలికాలమే యాసంగి కాబట్టి అంత ఖాళీ దొరకదు. మన నారుమడి మంచులో చావదు గానీ చలికి ఎర్రబడి ఎదుగుదల ఆగుతది. రాత్రి పూట పట్టా కప్పండి, పొద్దున చల్లటి నీళ్లు తీసేసి కొత్త నీళ్లు పెట్టండి. జీవామృతం కూడా చలికి మెల్లగా పులుస్తది. ఎండాకాలంలో రెండు రోజులకు తయారైతే, ఇప్పుడు ఇంకొకటి రెండు రోజులు ఆగాలి. పొద్దున, సాయంత్రం కలపుడు మాత్రం మరవొద్దు.

ఇంకా ఏం ఆడొచ్చు

ఫార్మింగ్ సిమ్యులేటర్: స్విట్జర్లాండ్ కంపెనీది, 2008 నుంచి వస్తున్నది. ట్రాక్టర్లు, హార్వెస్టర్లు నిజం కంపెనీలవే ఉంటయి. పిల్లలు చచ్చేటంత ఇష్టపడతరు. వందల ఎకరాల్లో ఒకే పంట, ఎరువు, మందు, ఇదంతా మన పద్ధతి కాదు. కానీ 2021లో కంప్యూటరుకు వచ్చిన భాగంలో మల్చింగ్ చేస్తే దిగుబడి పెరిగేటట్టు పెట్టిండ్రు. గేము చేసేవాళ్లకు అర్థమైంది మన పక్క చేను అన్నకు ఇంకా అర్థం కాలేదు!

ఆల్టోస్ అడ్వెంచర్, ఆల్టోస్ ఒడిస్సీ: మొదటిది 2015లో వచ్చింది, మంచు కొండల మీద జారుకుంటూ పోవుడు. రెండోది 2018లో వచ్చింది, ఇసుక తిన్నెల మీద. రెండిట్లోనూ జెన్ మోడ్ అని ఉంటది. అందులో మార్కులు లేవు, ఓటమి లేదు, పడితే లేచి మళ్లీ పోవుడే. ఒక్క వేలు చాలు. ఇంకో చేయి దుప్పట్లో పెట్టుకోవచ్చు.

చదరంగం: లీచెస్ అనే యాప్ పూర్తిగా ఉచితం, ప్రకటనలు లేవు. నెట్ లేకున్నా ఫోనుతోనే ఆడొచ్చు. మన వరంగల్ పిల్లగాడు ఎరిగైసి అర్జున్ 2024 డిసెంబరులో 2800 రేటింగ్ దాటిండు, ఆనంద్ తర్వాత ఆ గీత దాటిన రెండో భారతీయుడు. మీ పిల్లలకు ఆ పేరు చెప్పి బల్ల ముందు కూర్చోబెట్టండి. గంట కట్టి ఆడే బుల్లెట్ ఆటలు మాత్రం రాత్రి వద్దు, నిద్ర పాడు చేస్తయి.

లూడో, క్యారమ్స్: ఇవి గల్ఫ్ ఇండ్లకు. మన జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల్లో గల్ఫ్‌లో మనిషి లేని వాడ ఉండదు. ఇక్కడ రాత్రి పది అయితే దుబాయిలో ఎనిమిదిన్నర, డ్యూటీ దిగి అన్నం తినే టైము. మా బావ, నేను, ఇంట్లో పిల్లలు కలిసి లూడో ఆడతం. ఫోనులో "ఏం తిన్నవ్, ఎట్లున్నవ్" అని రెండు మాటలకే అయిపోయే ముచ్చట, ఆట నడుమ గంట సాగుతది. లూడోకు తాత మన పచ్చీసే, ఇంగ్లండుకు పోయి పేరు మార్చుకొని తిరిగి వచ్చింది. పైసలు పెట్టని లూడో గురించే నేను చెప్పేది, దీని సంగతి కిందికి వస్తున్నా.

చేతిలో పట్టే ప్రత్యేకమైన గేము మిషన్లు, నింటెండో స్విచ్, స్టీమ్ డెక్ లాంటివి, అడిగినోళ్లున్నరు. బాగుంటయి, కానీ వేలకు వేలు. చేతిలో ఫోను ఉండగా దానికి పెట్టే పైసలతో ఒక డ్రిప్ లైను వస్తది. అమెరికా నుంచి మీ తమ్ముడు తెచ్చి ఇస్తే మాత్రం అందులో వేణ్బా అనే ఆట చూడండి. 2023లో వచ్చింది. కెనడాకు పోయిన ఒక తమిళ కుటుంబం, అమ్మ వంట. మొదటి అంకమే ఇడ్లీ పెట్టుడు.

సిరిసిల్ల తమ్ముళ్లకు ఒక ముచ్చట. 1804లో ఫ్రాన్స్‌లో జకార్డ్ అనే ఆయన చిల్లుల అట్టలతో మగ్గానికి డిజైను చెప్పే పద్ధతి కనిపెట్టిండు. చిల్లు ఉంటే దారం లేస్తది, లేకుంటే లేవదు. ఆ అట్టల ఆలోచనే తర్వాత లెక్కలు చేసే యంత్రాలకు, అక్కడి నుంచి కంప్యూటరుకు దారి చూపింది. అంటే ఈ ఆటలన్నింటికి మగ్గం కూడా ఒక పెద్దమ్మ లాంటిది. కానీ మగ్గం నడుస్తున్నప్పుడు ఫోను తీయొద్దు. చాయ్ టైములోనే.

అసలు భయం: పైసల ఆటలు

ఈ వ్యాసం రాయడానికి పెద్ద కారణం ఇదే. మాకు తెలిసిన ఒక ఇంట్లో, పసుపు అమ్మిన పైసలు బ్యాంకులో పడ్డ నెల లోపలే పెద్ద భాగం ఆన్‌లైన్ రమ్మీలో పోయింది. ఆడింది చెడ్డ పిల్లగాడు కాదు. రాత్రి మోటరు కాడ కూర్చున్నప్పుడు ఊరికే మొదలుపెట్టిండు. మొదట 50 పెడితే 200 వచ్చింది. తర్వాత పోయింది. పోయింది రాబట్టాలని ఇంకా పెట్టిండు. ఇంట్లో వాళ్లకు తెలిసింది కూలీలకు ఇచ్చే రోజు.

ఇది ఎందుకు ఇట్ల పట్టుకుంటదో చూడండి. గెలుపు ఎప్పుడు వస్తదో తెలియకపోవుడే దాని గాలం. ప్రతిసారి వస్తే విసుగు వస్తది, అసలే రాకపోతే మానేస్తం. ఎప్పుడో ఒకసారి వస్తుంటే చేయి ఆగదు. వానతో, ధరతో ఏడాదంతా జూదం ఆడే రైతుకు ఈ గాలం ఇంకా తొందరగా తగులుతది. మన బతుకులోనే "ఈసారి రాలేదు, వచ్చే పంటకు వస్తది" అనే అలవాటు ఉంది. పొలంలో ఆ ఓపిక మనల్ని నిలబెడతది. రమ్మీలో అదే ఓపిక ముంచుతది.

చట్టం కూడా తెలుసుకోండి. మన తెలంగాణ 2017లోనే పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. దేశం మొత్తానికి పార్లమెంటు చేసిన చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. ఇట్లాంటి ఆటలు నడిపేవాళ్లకు మూడేండ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా అని అందులో ఉంది. ప్రకటనలు ఇచ్చేవాళ్లకు, బ్యాంకుల ద్వారా ఆ డబ్బు దాటించేవాళ్లకు కూడా శిక్షలు పెట్టిండ్రు. ఇంత ఉన్నా వాట్సాప్‌లో లింకు పంపి, టెలిగ్రామ్‌లో గ్రూపు పెట్టి పిలిచేవాళ్లు ఉన్నరు. ఆ లింకుల్లో చట్టం తప్పించుకునేవాడే ఉంటడు కాబట్టి పోయిన పైసలు ఇంకా గట్టిగా పోయినట్టే. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత తొందరగా చేస్తే అంత మేలు.

ఇంట్లో చేయదగ్గవి మూడు చెప్తా. పంట పైసలు పడే ఖాతాకు, ఫోన్‌పే, గూగుల్‌పే ఖాతాకు పొత్తు పెట్టొద్దు. పంట పైసలు ఒక దాంట్లో, చేతి ఖర్చు ఇంకో దాంట్లో. రెండోది, అమ్మిన రోజే కూలీ, ఎరువు, అప్పు లెక్క ఇంట్లో ఆడోళ్లతో కూర్చొని రాయండి. మూడోది, ఎవరైనా మునిగితే తిట్టకుండా ముందు పక్కన కూర్చోండి. సిగ్గుతో దాచిపెట్టిన అప్పే మనిషి ప్రాణం దాకా తీసుకపోతది.

కావలి రాత్రి జాగ్రత్తలు

ఫోను వెలుగు చూసి కండ్లు ఎత్తితే రెండు మూడు నిమిషాలు చీకట్లో ఏమీ కనబడదు. కాబట్టి వెలుగు తగ్గించి పెట్టండి, దిగేముందు టార్చ్ వేయండి. చెవిలో ఇయర్‌ఫోన్లు వద్దు, పంది చప్పుడు, మోటరు చప్పుడు వినపడాలి. తడి చేత్తో స్టార్టర్ ముట్టొద్దు, ఆట ధ్యాసలో అసలే వద్దు. పందుల కోసం కంచెకు కరెంటు పెట్టుడు నేరం, మనుషుల ప్రాణాలు పోతున్నయి. మీరు పెట్టకున్నా పక్క చేనోళ్లు పెట్టిండ్రేమో అడిగి తెలుసుకున్నాకే గట్టు దాటండి. అలారం పెట్టుకొని ఆడండి, అరగంట చాలు.

పిల్లలకు ఫోను ఇచ్చేముందు కళ్లంలో సుద్దముక్కతో పులి-మేక గీసి ఒకసారి ఆడించండి. చింతగింజలు, గులకరాళ్లు చాలు. మా ఇంట్లో పిల్లలు మొదటి రోజు విసుక్కున్నరు, రెండో వారం పులి నేనే కావాలి అని కొట్లాడుకున్నరు.

మీ ఊళ్లో కావలి కాడ, బాయి కాడ ఆడిన పాత ఆటలు ఏమున్నయో, వాటి నియమాలతో సహా కామెంట్లో రాయండి. గీతలు గీసిన ఫోటో ఉంటే ఇంకా మంచిది. వాటితో ఒక వీడియో చేద్దాం. వచ్చే వారం పసుపు ఉడకబెట్టకుండా ముక్కలు చేసి ఎండబెట్టే పద్ధతి, ఖర్చు లెక్కలతో సహా చూపిస్తా. అప్పటిదాకా చలి జాగ్రత్త, నారుమడి జాగ్రత్త, జేబు జాగ్రత్త.